కోర్టు కొట్టేసిన కేసు పోలీసు రికార్డులో ఎందుకు బతికే ఉంటుంది?

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన కుర్రాడు, కెనడా వెళ్దామని పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి పెట్టుకున్న నర్సు, పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్లిన రిటైర్డ్ టీచరు. ముగ్గురికీ ఒకటే మాట ఎదురైందనుకుందాం: "మీ మీద కేసు ఉన్నట్టు చూపిస్తోంది." కుర్రాడి కేసును కోర్టు ఎప్పుడో కొట్టేసింది. నర్సుకు ఆ కేసుతో సంబంధమే లేదు, పేరు కలిసిందంతే. టీచరు మీద ఎఫ్‌ఐఆర్ ఉన్నమాట నిజమే కానీ అది కోర్టు గడప తొక్కలేదు.

మూడింటినీ మనం ‘రికార్డులో తప్పు’ అనే అంటాం. కానీ అవి పుట్టిన చోట్లు వేరు, దిద్దగలిగే అధికారులు వేరు. మొదటిది స్టేషన్ తప్పు, రెండోది గుర్తింపు తప్పు, మూడోది చట్టాన్ని చదవడంలో తప్పు. ఈ తేడా తెలియక స్టేషన్‌లో తేలాల్సిన దాని కోసం కోర్టు చుట్టూ, కోర్టులో తేలాల్సిన దాని కోసం స్టేషన్ చుట్టూ తిరిగేవాళ్లే ఎక్కువ.

‘క్రిమినల్ రికార్డు’ అనే ఒక్క పుస్తకం లేదు

మన దేశంలో ఒక మనిషి నేరచరిత్ర అంతా ఒకేచోట రాసి ఉండే అధికారిక పుస్తకమేదీ లేదు. ఉన్నవి చాలా పుస్తకాలు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్, కేసు డైరీ ఉంటాయి. వాటి డిజిటల్ రూపం సీసీటీఎన్‌ఎస్ అనే జాతీయ నెట్‌వర్క్‌లో ఉంటుంది. కేంద్రం 2009లో ఆమోదించిన ఈ ప్రాజెక్టు దేశంలోని పోలీస్ స్టేషన్లను కలుపుతుంది, నడిపేది జాతీయ నేర రికార్డుల బ్యూరో. కోర్టుల సమాచారం ఈ-కోర్ట్స్‌లో వేరేగా ఉంటుంది. వేలిముద్రలది ఇంకో వ్యవస్థ. రౌడీ షీట్లు, హిస్టరీ షీట్లు పోలీసుల అంతర్గత కాగితాలు. ఇవి చాలవన్నట్టు ఈ-కోర్ట్స్‌లో పేర్లు వెతికి కంపెనీలకు రిపోర్టులు అమ్మే ప్రైవేటు వెరిఫికేషన్ సంస్థలున్నాయి.

పోలీసులు, కోర్టులు, జైళ్లు, ఫోరెన్సిక్ ల్యాబులు, ప్రాసిక్యూషన్ సమాచారాన్ని ఒకదానితో ఒకటి కలపడానికి ఐసీజేఎస్ అనే వ్యవస్థ పెట్టారు. కలపడం వేరు, ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారడం వేరు. ఆ రెండోది ఇంకా పూర్తిగా జరగడం లేదు కాబట్టే ఈ-కోర్ట్స్‌లో ‘డిస్పోజ్డ్’ అని ఉన్న కేసు స్టేషన్ స్క్రీన్ మీద ‘పెండింగ్’ అని కనిపిస్తుంది.

కేసు ‘అయిపోవడం’లో రకాలు

తప్పును దిద్దించాలంటే ముందు ఒప్పు ఏమిటో తెలియాలి. చాలామందికి తమ కేసు ఎలా ముగిసిందో స్పష్టంగా తెలియదు. "తీసేశారండీ" అంటారు. చట్టంలో ‘తీసేయడం’ అనేది లేదు.

ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైందని మాత్రమే. దర్యాప్తులో ఆధారాలు దొరక్కపోతేనో, పొరపాటు ఫిర్యాదని తేలితేనో పోలీసులు కేసును ‘రెఫర్’ చేస్తూ కోర్టుకు తుది నివేదిక ఇస్తారు. ఛార్జిషీటు వేశాక విచారణకు తగిన ఆధారాల్లేవని కోర్టు వదిలేస్తే అది డిశ్చార్జి. విచారణ జరిగి నిర్దోషి అని తీర్పు వస్తే అక్విట్టల్. హైకోర్టు కేసునే రద్దు చేస్తే క్వాష్. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో దీనికి సెక్షన్ 482 ఉండేది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 528.

అసలు చిక్కు చిన్న కేసుల్లో ఉంది. చట్టం రాజీకి ఒప్పుకునే నేరాల్లో ఇరుపక్షాలూ రాజీ పడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 359 ఆ మాట సూటిగా చెబుతోంది. అదే మేజిస్ట్రేటు ముందు "తప్పు చేశాను" అని ఒప్పుకుని ఫైన్ కడితే అది శిక్ష పడినట్టు. రెండూ ఒకే లోక్ అదాలత్ రోజున, ఒకే హాల్లో, పది నిమిషాల తేడాతో జరగవచ్చు. బయటికొచ్చిన ఇద్దరూ "లోక్ అదాలత్‌లో అయిపోయింది" అనే చెబుతారు.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. సంక్రాంతికి ఊరెళ్లిన ఇద్దరు స్నేహితులు. ఒకడు పేకాట శిబిరం మీద దాడిలో దొరికాడు. కోర్టులో ఒప్పుకుని కొన్ని వందలు ఫైన్ కట్టి బస్సెక్కాడు. రెండోవాడు పొలం గట్టు గొడవలో పక్కింటాయన్ను కొట్టాడన్న కేసులో ఇరుక్కున్నాడు. పెద్దమనుషులు కూర్చోబెట్టాక రాజీ పడ్డాడు. చూడ్డానికి రెండోదే పెద్ద కేసు. ఐదేళ్ల తర్వాత వెరిఫికేషన్‌లో మాత్రం శిక్ష పడినట్టు చూపేది మొదటివాడి రికార్డే, రెండోవాడు నిర్దోషి. మొదటివాడు "ఇది తప్పు, దిద్దండి" అంటే దిద్దడానికేమీ లేదు. అక్కడ రాసింది నిజమే. వాడు శిక్షను అప్పీలులో సవాలు చేయవచ్చు కానీ నేరం ఒప్పుకున్నాక ఆ దారి బాగా ఇరుకు. కోర్టు హాల్లో ఆ పది నిమిషాల్లో ఈ తేడా చెప్పేవాళ్లు ఉంటే ఇలాంటి రికార్డులు సగం పుట్టేవే కావనిపిస్తుంది.

ట్రాఫిక్ చలాన్ కట్టడం దీనికిందకు రాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద అక్కడికక్కడే కాంపౌండ్ చేసుకునే నేరాల్లో సొమ్ము కడితే ఆ వ్యవహారం ముగుస్తుంది. తాగి నడిపిన కేసు అలా కాదు, అది కోర్టుకు వెళ్లాల్సిందే.

ఆరో ఫారం దగ్గర ఆగిపోయే కథ

మొదటి ఉదాహరణలోని కుర్రాడి దగ్గరికి వద్దాం. వరంగల్ దగ్గర పల్లె, 2014లో గొడవ, 2017లో అక్విట్టల్. ఇన్నేళ్ల తర్వాత కూడా స్టేషన్ రికార్డు ‘అండర్ ట్రయల్’ అంటోంది. ఎందుకు?

సీసీటీఎన్‌ఎస్‌లో ఒక కేసు ప్రయాణాన్ని ఏడు ఫారాల్లో నమోదు చేస్తారు. మొదటిది ఎఫ్‌ఐఆర్, రెండోది నేర వివరాలు, మూడోది అరెస్టు, నాలుగోది స్వాధీనం చేసుకున్న ఆస్తి, ఐదోది తుది నివేదిక. ఈ ఐదూ పోలీసులు తమ పనిగా చేసేవి, వాటి మీద పై అధికారుల కన్ను ఉంటుంది. ఆరోది కోర్టు తీర్పు, ఏడోది అప్పీలు ఫలితం. ఇవి రెండూ బయటి నుంచి రావాలి. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ తీర్పు రాసుకుని రావాలి, స్టేషన్ రైటర్ ఎక్కించాలి. శిక్ష పడితే ఆ వార్త అందరికీ కావాలి. కేసు కొట్టేస్తే అది ఎక్కించడానికి తొందరపడే మనిషి, ఆ నిందితుడు తప్ప, ఎవరూ లేరు. అప్పు తీరినా ఆస్తి లావాదేవీలు చూపే ఈసీలో తనఖా కనిపించినట్టు ఉంటుంది పరిస్థితి.

మన రాష్ట్రాల్లో దీనికి ఇంకో పొర తోడైంది. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విడదీశారు. స్టేషన్ల పరిధులు మారాయి, తర్వాత కోర్టుల పరిధులూ మారాయి. కేసు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు వెళ్తే కేసుకు కోర్టు ఇచ్చే సీసీ నంబరు కూడా మారవచ్చు. పాత నంబరుతో వెతికితే సమాధానం రాదు, సమాధానం రానిది పెండింగ్ కిందే మిగిలిపోతుంది. సీసీటీఎన్‌ఎస్ రాకముందు కేసులను తర్వాత డేటా ఎంట్రీ చేసి ఎక్కించారు. అందులోనూ జారిపోయినవి ఉంటాయి.

ఇలాంటి తప్పు ఉన్నవాటిలోకెల్లా తేలిగ్గా దిద్దగలిగేది, ఎందుకంటే నిజమేమిటో ఎవరూ కాదనరు. తీర్పు సర్టిఫైడ్ కాపీ ఉంటే స్టేషన్ హౌస్ ఆఫీసర్ ద్వారా ఆరో ఫారం నింపడమే మిగిలిన పని. అక్కడ కదలకపోతే ఎస్పీ లేదా కమిషనర్‌కు వినతి, అదీ కాకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్. చెప్పినంత సులువుగా జరగదన్నది వేరే సంగతి. పాత కేసుల్లో కోర్టు ఫైలు రికార్డు రూముకు పోయి ఉంటుంది, కాపీ అప్లికేషన్‌కు సీసీ నంబరు కావాలంటారు, ఆ నంబరు ఎఫ్‌ఐఆర్ నంబరు కాదు. నంబరు దొరకడమే సగం పని.

రద్దయిన వారెంట్లదీ ఇదే కథ. వాయిదాకు వెళ్లకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది, మర్నాడు లాయరు రీకాల్ చేయిస్తారు. ఆ రీకాల్ కాగితం స్టేషన్‌కు చేరలేదంటే కోర్టు లెక్కలో లేని వారెంటు పోలీసుల లెక్కలో ఉంటుంది.

ఆ పేరు నాదే, ఆ మనిషిని నేను కాదు

ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా రాసుకునే అలవాటు మనది. ‘కె. శ్రీనివాస్, తండ్రి వెంకటేశ్వర్లు’ అని వెతికితే ఒక్క జిల్లాలోనే ఎంతమంది వస్తారో ఊహించుకోవచ్చు. ఈ-కోర్ట్స్‌లో పార్టీ పేరుతో వెతకవచ్చు, కానీ అక్కడ ఫొటో ఉండదు, పుట్టిన తేదీ ఉండదు. చాలాసార్లు చిరునామా కూడా సరిపోదు. నర్సు విషయంలో జరిగింది ఇదే.

ఇలాంటిచోట కేసు రికార్డులో దిద్దాల్సిందేమీ లేదు, అది ఇంకొకరి రికార్డు. తప్పు జరిగింది జోడించడంలో. కాబట్టి ఆ కేసులోని నిందితుడు వేరే మనిషని సంబంధిత స్టేషన్ నుంచి లిఖితపూర్వకంగా తేలాలి. వయసు, తండ్రి పేరు, ఘటన రోజు తను ఎక్కడున్నదీ, అరెస్టు జరిగి ఉంటే ఫొటో, వేలిముద్రలూ అన్నీ ఇక్కడే పనికొస్తాయి. విదేశాలకు వెళ్లేవాళ్ల క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చేదే అయినా దాని వెనక ఉండేది స్థానిక పోలీసుల నివేదికే.

ఏది మారుతుంది, ఏది మారదు

"ఎఫ్‌ఐఆర్‌లోంచి పేరు తీయించాను" అనే మాట తరచూ వింటాం. ఎఫ్‌ఐఆర్ ఒకసారి నమోదయ్యాక దాని పాఠాన్ని ఎవరూ మార్చరు. దర్యాప్తులో ఆ మనిషి పాత్ర లేదని తేలితే ఛార్జిషీటులో నిందితుడిగా చూపరు. అంటే పేరు ఆ ఎఫ్‌ఐఆర్‌లో ఉండనే ఉంటుంది, దాని తర్వాతి కాగితం అతను నిందితుడు కాదని చెబుతుంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాల్సి వచ్చింది. నిందితుడికి తన మీద ఏం రాశారో వెంటనే తెలియాలని ఇచ్చిన ఆదేశమది, మంచి ఆదేశమే. దాని నీడలో మొదటి కాగితం అందరికీ దొరుకుతుంది, ఆ తర్వాతి ఛార్జిషీటు దొరకదు.

తీర్పులోనే పేరో వయసో తప్పు పడితే? సంతకమయ్యాక కోర్టు కూడా తన తీర్పును మార్చుకోలేదు, రాతలో పడిన పొరపాటు, లెక్కల పొరపాటు తప్ప. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 403 చెప్పేది ఇదే. ‘రమణ’ అని ఉండాల్సిన చోట ‘రామన్న’ అని పడితే అదే కోర్టులో పిటిషన్‌తో సరవుతుంది. ‘సంశయ లాభం కింద విడుదల’ అన్నచోట ‘గౌరవంగా విడుదల’ అని రాయమంటే అది దిద్దుబాటు కాదు, తీర్పు మార్పు. అందుకు పై కోర్టుకు వెళ్లాలి.

పాస్‌పోర్టు దగ్గర తప్పు వేరు

రిటైర్డ్ టీచరు సంగతిలో రికార్డు సరిగ్గానే ఉంది. దాన్ని చదివినవాళ్లు తప్పుగా చదివారు. పాస్‌పోర్టుల చట్టం 1967 సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం క్రిమినల్ కోర్టు ముందు విచారణ పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించాలి. కోర్టు ముందు అన్నదే కీలకం. కేవలం ఎఫ్‌ఐఆర్ ఉండటం, దర్యాప్తు సాగుతుండటం దీని కిందకు రావని, కోర్టు కేసును స్వీకరించి ఉండాలని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో స్పష్టం చేసింది. నిజంగానే కోర్టులో కేసు ఉన్నవాళ్లకు కూడా ఆ కోర్టు అనుమతితో పాస్‌పోర్టు ఇచ్చే వీలు 1993 నోటిఫికేషన్‌లో ఉంది. అందుకని టీచరు సమాధానం చెప్పుకోవాల్సింది స్టేషన్‌లో కాదు, నోటీసు ఇచ్చిన పాస్‌పోర్టు అధికారికి.

చెరిపేయడం: కొద్దిమందికే

దిద్దడం వేరు, చెరపడం వేరు. కొన్ని దేశాల్లో ఇన్నేళ్లు మంచిగా ఉంటే చిన్న శిక్షలను లెక్కలోంచి తీసేసే చట్టాలున్నాయి. మన దగ్గర అందరికీ వర్తించే అలాంటి చట్టం లేదు. ఉన్నవి ముక్కలు.

వాటిలో బలమైనది పిల్లలది. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం పిల్లలుగా చేసిన నేరం తర్వాత జీవితంలో అనర్హత కాకూడదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డు నాశనం చేయాలి. ఘోర నేరాల్లో పదహారేళ్లు దాటినవాళ్లకు మినహాయింపులున్నాయి. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదని సెక్షన్ 74 విడిగా చెబుతోంది. ఇంటర్ రోజుల్లోని గొడవ ఉద్యోగ వెరిఫికేషన్‌లో బయటపడిందంటే అది నిజమైన సమాచారమే కావచ్చు, కానీ చెప్పడమే తప్పు.

పెద్దవాళ్ల విషయంలో ప్రొబేషన్ చట్టం 1958 సెక్షన్ 12 ఉంది. మంచి నడవడి హామీ మీద విడిచిపెట్టిన వ్యక్తికి ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. పేకాట కుర్రాడి తరఫున ఆరోజు ఎవరైనా దీన్ని అడిగి ఉంటే బాగుండేది.

వేలిముద్రలు, ఫొటోలది 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం. నేర రికార్డుల బ్యూరో వీటిని 75 ఏళ్లు ఉంచుకోవచ్చు. గతంలో శిక్ష పడని వ్యక్తి విచారణ లేకుండా విడుదలైనా, డిశ్చార్జి అయినా, అన్ని అప్పీళ్లూ ముగిశాక నిర్దోషిగా తేలినా వాటిని నాశనం చేయాలి, కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప. చట్టం రాతలో ఇది వ్యవస్థ బాధ్యత. నియమాల్లో చూస్తే రాష్ట్ర నోడల్ అధికారికి అభ్యర్థన వెళ్లడం, ఆయన ఇతర కేసులతో సంబంధం లేదని చూసి బ్యూరోకు సిఫారసు చేయడం అన్నట్టుంది. అడిగినవాళ్లవే పోతాయి, అడగాలని తెలియనివాళ్లవి ఉంటాయి.

ఎందుకు ఉంచుతారన్న వాదన

పోలీసుల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. సాక్షులు అడ్డం తిరిగి, డబ్బుతో రాజీలు జరిగి, భయపెట్టి కేసులు వీగిపోతాయని, ఐదు కేసుల్లో వరసగా అలా బయటపడిన మనిషి గతాన్ని చూడకుండా యూనిఫాం ఎలా ఇస్తామని వాళ్లు అడుగుతారు. పోలీసు నియామకాల్లో నిర్దోషిగా విడుదలైనా ఆ విడుదల ‘గౌరవప్రదమైనదా’ అని చూడవచ్చని సుప్రీంకోర్టు కూడా అంది. ఎదుటి వాదన: రుజువు చేయలేకపోవడం ప్రాసిక్యూషన్ వైఫల్యం, దాని భారం నిర్దోషి అని కోర్టు చెప్పిన మనిషి ఎందుకు మోయాలి?

నా లెక్కలో ఈ వాదన ‘ఉంచాలా, తీయాలా’ అన్నదానికే. ఉంచినది నిజంగా ఉండాలన్నదాంట్లో రెండో మాటకు తావే లేదు. 2017లో కొట్టేసిన కేసును పెండింగ్ అని చూపడానికి ఏ భద్రతా కారణమూ సరిపోదు.

రికార్డు కంటే ఉద్యోగార్థులను ఎక్కువ దెబ్బతీసేది అటెస్టేషన్ ఫారం. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా’ అని అడిగితే "కొట్టేశారు కదా" అని ‘లేదు’ రాస్తారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి దీన్ని వివరంగా చూసింది. చిన్న నేరాన్ని చెప్పకపోయినా యజమాని క్షమించవచ్చు, ఫారంలో అడగనిది చెప్పలేదని తప్పుపట్టకూడదు, అన్నీ నిజం చెప్పినా గతాన్ని బేరీజు వేసే హక్కు యజమానికి ఉంటుంది. అడిగినా దాచారన్నది మాత్రం కేసుకు మించిన సమస్య అవుతుంది.

రౌడీ షీటు వేరే లోకం

రౌడీ షీటు కోర్టు తెరిచేది కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద పోలీసులే తెరిచేది. కేసు కొట్టేస్తే షీటు దానంతటదే పోదు. ఆర్డర్ 602 ప్రకారం ఏటా డిసెంబరు తర్వాత కొనసాగించాలా వద్దా అని గెజిటెడ్ అధికారి నిర్ణయించాలి. ఆ సమీక్ష యాంత్రికంగా సాగుతోందన్న వాదనతోనే చాలామంది హైకోర్టు మెట్లెక్కుతారు. 2024 మేలో ఢిల్లీ ఎమ్మెల్యే ఒకరి కేసులో సుప్రీంకోర్టు, హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బయటపెట్టేది కాదని, మైనర్ పిల్లల వివరాలు అందులో ఉండకూడదని, వెనకబడిన వర్గాల అమాయకులను కులం చూసి ఎక్కించకూడదని, పెద్ద అధికారి ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలని చెప్పింది. ఇతర రాష్ట్రాలనూ ఈ మార్పులు పరిశీలించమంది.

స్టేషన్‌లో దిద్దినా గూగుల్‌లో ఉంటుంది

స్టేషన్‌లో, కోర్టులో అంతా సరయ్యాక కూడా తీర్పు ఇంటర్నెట్‌లో పేరుతో దొరుకుతుంది. 2021లో ఢిల్లీ హైకోర్టు, నిర్దోషిగా తేలిన భారత సంతతి అమెరికన్ ఒకరి తీర్పు సెర్చ్‌లో కనిపించకుండా చేయమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అదే ఏడాది మద్రాస్ హైకోర్టు సింగిల్ జడ్జి అలాంటి కోరికనే కాదన్నారు. 2024 ఫిబ్రవరిలో డివిజన్ బెంచ్ ఆ పేరు తీసేయమంది. జులైలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. తీర్పులు ప్రజల ఆస్తి, పేర్లు చెరుపుకుంటూ పోతే కోర్టులను ప్రశ్నించేదెలా అని ఒకరు, విడుదలైన మనిషికి సెర్చ్ బాక్సు జీవితకాల శిక్షగా మారకూడదని ఇంకొకరు అంటున్నారు.

2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 12లో తప్పు సమాచారాన్ని దిద్దించుకునే హక్కు ఉంది. కానీ నేరాల నివారణ, దర్యాప్తు కోసం వాడే డేటాకు సెక్షన్ 17 మినహాయింపు ఇచ్చింది. కాబట్టి పోలీసు రికార్డు మీద ఈ హక్కు పెద్దగా పనిచేయదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. అక్కడ వెరిఫికేషన్ కంపెనీ రిపోర్టులో తప్పుందని అభ్యంతరం చెబితే మామూలుగా 30 రోజుల్లో మళ్లీ పరిశీలించాలని ఫెడరల్ చట్టం ఉంది. అయినా ఆరో ఫారం సమస్య అక్కడా ఉంది. షాపులో చిన్న దొంగతనం ఆరోపణతో అరెస్టయిన విద్యార్థి కేసు డిస్మిస్ అయినా ఎఫ్‌బీఐ రికార్డులో అరెస్టు ఒక్కటే ఉండి ఫలితం ఖాళీగా ఉండవచ్చు. అది నింపాల్సిన సమాచారం ఆ రాష్ట్రం నుంచో, స్థానిక కోర్టు నుంచో రావాలి. పైగా రాష్ట్రం ఆ రికార్డును చెరిపేసినా (ఎక్స్‌పంజ్ చేసినా) ఇమ్మిగ్రేషన్ ఫారంలో ఆ అరెస్టు గురించి అడిగితే చెప్పాల్సిందే.